ఈ-మెయిలుతో వచ్చు ఫైళ్లు: వాని గుర్తులు, వానిని తెఱచు విధము

(సంఘ సభలయందు చదివి వినిపించుటకు తగిన పాఠము)



పూర్వము తపాలా జవాను తెచ్చి ఇచ్చు కవరులలో మన సంఘములకు వచ్చుచుండిన ఉత్తరువులును, పట్టికలును, రసీదులును నేడు చాలవరకు ఈ-మెయిలు మూలమున వచ్చుచున్నవి. 2022 సం॥ జూన్ 29 వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి తెచ్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. చాల సంఘములలో చిట్టా, ఆవర్జాల ప్రక్కన కంప్యూటరు వచ్చి చేరినది. సభ్యుల యిండ్లలో సెల్‌ఫోనులు సరేసరి.

కవరు చింపి ఉత్తరము తీయుట అందఱికిని తెలియును. ఈ-మెయిలుతో వచ్చిన ఫైలును తెఱచుట మాత్రము అందఱికిని తెలియదు. అందువలన మూడు విధములగు చెఱుపు కలుగుచున్నది. తెఱచుకొనుట లేదని ఊరకుండుటచే గడువు దాటిపోవుట మొదటిది. తెఱచిన తరువాత తెలియకుండ లోపలి అంకెలను పాడుచేయుట రెండవది. తెఱవరాని దానిని తెఱచి ఖాతాలోని సొమ్ము పోగొట్టుకొనుట మూడవది. ఈ మూడింటిని తప్పించు ఉపాయ మొక్కటియే కలదు. ఫైలును నొక్కుటకు ముందు దాని పేరు చివరనున్న అక్షరములను చదువుట యలవాటు చేసికొనవలెను. ఆ అక్షరముల యర్థమును తెలుపుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

1. జోడింపు అనగా నేమి?

ఈ-మెయిలు ఉత్తరముతో గూడ పంపబడు ఫైలును అటాచిమెంటు అందురు. దానినే మనము జోడింపు అనుకొందము. ఈ-మెయిలు పుట్టిన తొలినాళ్లలో ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, కొన్ని విరామచిహ్నములు మాత్రమే పంపుటకు వీలుండెను. బొమ్మగాని, ధ్వనిగాని, తెలుగు అక్షరముగాని నేరుగా పోవుటకు దారి లేకుండెను. 1992 సం॥ న అమెరికాయందు నథానియేల్ బోరెన్‌స్టయిన్, నెడ్ ఫ్రీడ్ అను ఇరువురు నిపుణులు 'మైమ్' అను పద్ధతిని ఏర్పఱచిరి. ఆ సంవత్సరము మార్చి 11 వ తేదీన బోరెన్‌స్టయిన్ తాను మిత్రులతో గూడి పాడుచుండిన బృందముయొక్క ఛాయాచిత్రమును, పాటను ఆ పద్ధతిన పంపి చూపెను. నేడు మనము పంపుకొను జోడింపులు ఆ పద్ధతి ననుసరించియే పోవుచున్నవి.

ఈ పద్ధతిలో ఫైలునందలి సమాచారమునంతయు 64 గుర్తులతో మార్చి వ్రాసి ఉత్తరము వెంట పంపుదురు. చేరినచోట దానిని మఱల మొదటి రూపమునకు తెత్తురు. ఇట్లు మార్చుటలో మూడు పాళ్ల సరకు నాలుగు పాళ్ల చోటు నాక్రమించును. అనగా 15 ఎం.బి. ఫైలు దారిలో సుమారు 20 ఎం.బి. అగును. జీమెయిలునందు ఒక ఉత్తరముతో 25 ఎం.బి. వఱకు జోడింపులు పంపవచ్చును. అంతకు మించినచో ఆ ఫైలును గూగుల్ డ్రైవునందుంచి దాని లింకును మాత్రము పంపును. కావున ఫైలు పోవుట లేదని కంగారుపడుటకు ముందు దాని పరిమాణమును చూడవలెను.

2. పేరు చివరి అక్షరములు

విత్తనపు సంచిని కొనునప్పుడు మనము దానిపై కుట్టిన చీటీని చదువుదుము. రకమేది, లాటు నంబరెంత, పరీక్షించిన తేదీ యేది అని చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింతుము. ఫైలునకును అట్టి చీటీ కలదు. పేరు తరువాత ఒక చుక్కయు, ఆ చుక్క తరువాత సామాన్యముగ మూడు గాని నాలుగు గాని అక్షరములును ఉండును. దీనిని ఎక్స్‌టెన్షన్ అందురు. ఈ పాఠమున దానిని తోకపేరు అని వ్యవహరింతుము. లోపలి సరకు ఏ జాతిదో, దానిని ఏ సాధనముతో తెఱవవలెనో తోకపేరు తెలుపును.

పాతకాలపు డాస్ కంప్యూటరులలో పేరునకు 8 అక్షరములు, తోకపేరునకు 3 అక్షరములు మాత్రమే చెల్లుచుండెను. ఆ కారణముచేతనే నాలుగక్షరముల జె.పి.ఇ.జి. మూడక్షరముల జె.పి.జి. ఆయెను. ఈ రెండును ఒకటియే.

విండోస్ కంప్యూటరులలో నొక చిక్కు కలదు. తనకు తెలిసిన తోకపేరులను అది మొదటినుండియు కనబడనీయక దాచియుంచును. చీటీ కప్పిన సంచిని కొనుట ఎట్టిదో, తోకపేరు కనబడని ఫైలును తెఱచుట అట్టిదే. కావున ఫైలు ఎక్స్‌ప్లోరరును తెఱచి, పైన 'వ్యూ' అనుచోట నొక్కి, విండోస్ 11 అయినచో 'షో' అనుదానిలోనికి పోయి, 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అనుదానికి టిక్కు పెట్టవలెను. ఈ పని యొకసారి చేసిన చాలును.

ఇంకొక మాట. తోకపేరును చెఱిపి వేఱొకటి వ్రాసినంత మాత్రమున ఫైలు మాఱదు. గోనెపై సన్నబియ్యమని వ్రాసినచో లోపలి దొడ్డుబియ్యము సన్నబడునా? పేరు మార్చుట వేఱు, రూపము మార్చుట వేఱు. రూపము మార్చవలెనన్నచో ఫైలును దాని సాధనముతో తెఱచి, 'సేవ్ యాజ్' అనుదానిని గాని 'ఎక్స్‌పోర్ట్' అనుదానిని గాని నొక్కి, కావలసిన రూపమును ఎన్నుకొనవలెను.

3. చదువుకొను పత్రములు: పి.డి.ఎఫ్.

సంఘములకు వచ్చు ఉత్తరువులు, రసీదులు, అడంగలు నకళ్లు చాలవరకు పి.డి.ఎఫ్. రూపమున నుండును. దీనిని 1993 సం॥ న అడోబి సంస్థ వెలువరించినది. 2008 లో ఇది అంతర్జాతీయ ప్రమాణముగ నంగీకరింపబడినది. పంపినవారి యొద్ద పుట యెట్లుండునో మనయొద్దను అట్లే కనబడుట దీని ముఖ్యగుణము. అక్షరముల రూపములను సయితము తనలో నిముడ్చుకొని తేగలదు.

దీనిని తెఱచుటకు ప్రత్యేక సాధన మేమియు కొననక్కఱలేదు. కంప్యూటరులో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అను బ్రౌజరులలో నేదియైనను దీనిని తెఱచును. ఫోనులో గూగుల్ డ్రైవు చాలును.

కొన్ని పి.డి.ఎఫ్. లు పాస్‌వర్డు అడుగును. ఇది ఫైలు చెడిపోయినదని గాదు, తాళము వేయబడినదని యర్థము. ఉదాహరణమునకు, ఈ-ఆధార్ ఫైలునకు పాస్‌వర్డు ఎనిమిది గుర్తులు: ఆధారులో నున్నట్లు పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరములు, పిదప పుట్టిన సంవత్సరము. రామయ్య అను నతడు 1972 లో పుట్టినచో ఆర్, ఏ, ఎం, ఏ అను నాలుగు పెద్ద అక్షరములును, వెంటనే 1972 ను ఎడము లేకుండ కొట్టవలెను. బ్యాంకులు పంపు ఖాతా పట్టికలకును ఇట్టి తాళములే యుండును. పాస్‌వర్డు ఎట్లు కట్టవలెనో ఆ ఉత్తరమునందే వ్రాయుదురు. చదువక విడిచిపెట్టుటయే మన లోపము.

4. వ్రాతపత్రములు: డాక్, డాక్స్, ఓ.డి.టి.

దిద్దుటకు వీలగు వ్రాతపత్రములు ఈ జాతివి. డి.ఓ.సి. అనునది మైక్రోసాఫ్ట్ వర్డ్ పాత రూపము. డి.ఓ.సి.ఎక్స్. అనునది 2007 ఆఫీసు నుండి వచ్చిన క్రొత్త రూపము. ఓ.డి.టి. అనునది 2006 లో అంతర్జాతీయ ప్రమాణమైన ఓపెన్‌డాక్యుమెంటు రూపము.

వర్డ్ కొననిచో ఇవి తెఱచుకొనవని పలువురు తలచుచున్నారు. అది సరికాదు. లిబ్రె ఆఫీస్ అను సాధనము ఉచితముగ దొరకును. అది మూడింటిని తెఱచును. ఫోనులో గూగుల్ డాక్స్ కూడ తెఱచును. అయితే ఒక సాధనములో వ్రాసినది వేఱొక సాధనములో తెఱచునప్పుడు పుటల అమరిక, పట్టికల గీతలు కొంచెము కదలవచ్చును. కావున సంతకములు చేయవలసిన తీర్మానములను, మహాజనసభ నోటీసులను డాక్స్‌గా పంపక పి.డి.ఎఫ్. గా మార్చి పంపుట మేలు. ఎదుటివారు దిద్ది పంపవలసిన చిత్తుప్రతిని మాత్రమే డాక్స్‌గా పంపవలెను.

5. లెక్కల పట్టికలు: ఎక్స్.ఎల్.ఎస్., ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్., సి.ఎస్.వి.

ఈ భాగమును కార్యదర్శులు, గుమాస్తాలు నిదానముగ చదువ ప్రార్థన. సభ్యుల సొమ్ము ఈ పట్టికలలోనే నడచుచున్నది.

ఎక్స్.ఎల్.ఎస్. అనునది ఎక్సెల్ పాత రూపము. ఇందు ఒక పుటకు 65,536 వరుసలు మాత్రమే పట్టును. క్రొత్తదగు ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. నందు 10,48,576 వరుసలు పట్టును. పెద్ద పట్టికను పాత రూపమున దాచినచో మిగిలిన వరుసలు పోవును. ఈ రెంటిని ఎక్సెల్, లిబ్రె ఆఫీస్, గూగుల్ షీట్స్ అను మూడును తెఱచును.

సి.ఎస్.వి. అనునది ఏ అలంకారమును లేని సాదా పట్టిక. గడికిని గడికిని నడుమ కామా యుండును, అంతే. బ్యాంకుల కంప్యూటరులు పట్టికలను ఇచ్చిపుచ్చుకొనుటకు దీనిని వాడుట కలదు. చూచుటకు ఇంత సాధువైన ఫైలు వేఱొకటి లేదు. కాని నష్టము కలుగునది దీనివలననే.

మన కార్యదర్శికి 300 మంది సభ్యుల పేర్లు, ఖాతా నంబరులు గల సి.ఎస్.వి. పట్టిక వచ్చినదనుకొందము. వడ్డీ రాయితీ జమ చేయుటకు అర్హులైనవారి నేర్పఱచి మఱల పంపవలెను. ఆయన ఫైలుపై రెండుమాఱులు నొక్కగనే అది ఎక్సెల్‌లో తెఱచుకొనును. సామాన్యముగ ఎక్సెల్ ఆ ఖాతా నంబరును ఖాతా నంబరని యెఱుగదు, కూడుటకు తీసివేయుటకు తగిన సంఖ్యగా భావించును. అప్పుడు మూడు మార్పులు జరుగును.

మొదటిది. నంబరునకు ముందున్న సున్నలు రాలిపోవును. 001234567890123 అనునది 1234567890123 అగును.

రెండవది. 12 అంకెలు గాని అంతకు మించి గాని యున్న నంబరు కుదించిన రూపమున కనబడును. ఒకటి, చుక్క, కొన్ని అంకెలు, ఆపై 'ఇ' అను ఇంగ్లీషు అక్షరము, కూడిక గుర్తు, మఱల అంకెలు కానవచ్చును. ఆధారు నంబరునకు 12 అంకెలు గావున దానికిని ఇదే గతి.

మూడవది అన్నింటికంటె కీడైనది. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలను మాత్రమే నిలుపుకొనును. 16 వ అంకె సున్నగా మాఱును. 1234567890123456 అనునది 1234567890123450 అగును. ఇట్లే 18 అంకెల నంబరులో చివరి మూడును సున్నలగును.

ఈ స్థితిలో కార్యదర్శి 'సేవ్' నొక్కెనా, పాడైన నంబరులే ఫైలులో స్థిరపడును. మఱల సరిచేయుటకు ఆ ఫైలులో నేమియు మిగులదు. పట్టిక బ్యాంకునకు పోయి, తప్పు నంబరులని త్రిప్పి పంపబడును. ఈ లోపల గడువు దాటినచో నష్టము సభ్యునిది. అతడు చేసిన తప్పేమియు లేదు. కార్యదర్శియు బుద్ధిపూర్వకముగ చేసినది కాదు. ఫైలు జాతి తెలియకుండుటయే కారణము.

దీనిని తప్పించు విధము: సి.ఎస్.వి. ఫైలుపై రెండుమాఱులు నొక్కి తెఱవరాదు. ముందుగా ఖాళీ ఎక్సెల్ పుటను తెఱచి, 'డేటా' అనుచోటినుండి 'ఫ్రమ్ టెక్స్ట్' గాని 'ఫ్రమ్ టెక్స్ట్/సి.ఎస్.వి.' గాని నొక్కి, ఫైలును లోనికి తెచ్చుకొనవలెను. తెచ్చుకొనునప్పుడు ఖాతా, ఆధారు నంబరుల నిలువు వరుసలను 'టెక్స్ట్' అని నిర్ణయింపవలెను. లిబ్రె ఆఫీసులో ఫైలును తెఱవగనే ఇట్టి ప్రశ్నల పెట్టె తనంతట కనబడును. అందును ఆ వరుసలకు 'టెక్స్ట్' అని చెప్పవలెను. పేర్లు తెలుగులో నున్నచో అదే పెట్టెలో 'యు.టి.ఎఫ్.-8' అనుదానిని ఎన్నుకొనవలెను. లేనిచో పేర్లు గజిబిజిగా కనబడును.

వచ్చిన మూలఫైలు నెప్పుడును దిద్దరాదు. దాని నకలు తీసి నకలుపై పనిచేయవలెను. పంపుటకు ముందు మొదట అయిదు, నడుమ అయిదు, చివర అయిదు ఖాతా నంబరులను పాసుపుస్తకములతో అంకె అంకె సరిచూడవలెను. దీనికి పట్టునది పావుగంట.

6. ఛాయాచిత్రములు

పైరుపై పురుగు పడినప్పుడు ఆకును ఫొటో తీసి వ్యవసాయాధికారికి పంపుట నేడు సామాన్యమైనది. జె.పి.జి. అనునది ఫొటోల సామాన్యరూపము. పి.ఎన్.జి. అనునది ఫోను తెరను నకలు తీసినప్పుడు వచ్చు రూపము. ఈ రెండును అన్ని ఫోనులలో, కంప్యూటరులలో తెఱచుకొనును.

హెచ్.ఇ.ఐ.సి. అను వేఱొక రూపము కలదు. 2017 నుండి ఐఫోనులు ఫొటోలను ఈ రూపమున దాచుచున్నవి. చోటు తక్కువ పట్టును గాని కొన్ని కంప్యూటరులలో తెఱచుకొనదు. పంపువారు తమ ఐఫోను సెట్టింగులలో కెమెరా, ఫార్మాట్స్ అనుచోట 'మోస్ట్ కంపాటిబుల్' అని యెన్నుకొనినచో ఫొటోలు జె.పి.జి. గా వచ్చును. జె.పి.జి. ని మఱల మఱల దిద్ది దాచినకొలది స్పష్టత తగ్గును. కావున తెగులు గుర్తించుటకు పంపు ఫొటోను తీసినది తీసినట్లే పంపవలెను.

7. మూటలు: జిప్

పది పండ్రెండు ఫైళ్లను ఒక మూటగా గట్టి పంపినచో అది జిప్. ఈ రూపమును 1989 లో ఫిల్ కాట్జ్ అను నతడు వెలువరించెను. మూటను విప్పక లోపలి ఫైళ్లపై పనిచేసినచో దిద్దుబాట్లు నిలువక పోవచ్చును. కావున కంప్యూటరులో ఆ ఫైలుపై కుడిమీట నొక్కి 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' అని విప్పవలెను. ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ 'ఫైల్స్' అను యాప్ విప్పును. ఆర్.ఏ.ఆర్. అని యున్నచో ఉచితముగ దొరకు 7-జిప్ అను సాధనము విప్పును.

ఇక్కడ నొక విశేషము. డాక్స్, ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. ఫైళ్లు కూడ నిజమునకు జిప్ మూటలే. జిప్ ఫైలు లోపలి తొలి రెండక్షరములు పి., కె. అనగా ఫిల్ కాట్జ్ పేరులోని ఇంగ్లీషు తొలి అక్షరములు. డాక్స్ ఫైలు లోపలను అవియే యుండును. అందుచేత ఒక్కొక్కప్పుడు డాక్స్ ఫైలు దారి తప్పి జిప్ అను తోకపేరుతో వచ్చుట కలదు. విప్పి చూడగా 'వర్డ్' అను పేటికయు, అర్థముగాని ఫైళ్లును కానవచ్చినచో అది వర్డ్ పత్రమే. తోకపేరును డాక్స్ అని సరిదిద్దినచో తెఱచుకొనును. పేరు మార్చుట పనికివచ్చునది ఇట్టి చోటనే. ఏలయన, ఇచ్చట లోపలి సరకు మొదటినుండియు డాక్స్, చీటీయే తప్పు.

8. తెలుగు అక్షరములు చెడి కనబడుట

ఫైలు తెఱచుకొనును గాని తెలుగునకు బదులు పొంతన లేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. మన ప్రాంతపు ముద్రణాలయములనుండి, పాత కార్యాలయములనుండి వచ్చు ఫైళ్లలో ఇది తఱచు. కారణము తెలిసికొనుట సులభము. అను ఫాంటులవంటి పాత ఏర్పాటులలో ఇంగ్లీషు అక్షరముల పీటలపై తెలుగు అక్షరముల రూపములను కూర్చుండబెట్టిరి. ఆ ఫాంటు మన కంప్యూటరులో లేనిచో పీట మాత్రమే కనబడును.

యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమునకు తనదంటూ ఒక సంఖ్య కలదు. 'అ' కు 3077, 'క' కు 3093. ఈ పద్ధతిన వ్రాసినది ఏ ఫోనులోనైనను తెలుగుగానే కనబడును. కావున చెడిన అక్షరములు వచ్చినప్పుడు ఫైలు పాడైనదని పాఱవేయరాదు. పంపినవారిని పి.డి.ఎఫ్. గా పంపుమని కోరవలెను. చదువుటకు అది చాలును. దిద్దవలసి యున్నచో యూనికోడులో పంపుమని కోరవలెను. మనము వ్రాయునది యెల్లప్పుడు యూనికోడుననే వ్రాయుదము.

9. తెఱవరాని ఫైళ్లు

ఇంతవఱకు చెప్పినవి చదువుకొను ఫైళ్లు. ఇక పని చేయు ఫైళ్లు కొన్ని కలవు. వీనిని తెఱచుట యనగా క్రొత్తవానిని ఇంటిలోనికి పిలిచి బీరువా తాళము చేతికిచ్చుటయే. కంప్యూటరులో ఇ.ఎక్స్.ఇ., బి.ఏ.టి., వి.బి.ఎస్., జె.ఎస్., ఎస్.సి.ఆర్. అనునవియు, ఆండ్రాయిడ్ ఫోనులో ఏ.పి.కె. అనునదియు ఈ జాతివి. డి.ఓ.సి.ఎం., ఎక్స్.ఎల్.ఎస్.ఎం. అనునవి మాక్రోలను పని చేయు ఆజ్ఞలను దాచుకొన్న పత్రములు. 1999 లో మెలిస్సా అను చెఱుపు వర్డ్ మాక్రోల మూలమున ఈ-మెయిలులో వ్యాపించెను. 2022 లో మైక్రోసాఫ్ట్ వారు ఇంటర్నెట్టునుండి వచ్చు ఫైళ్లలోని మాక్రోలను తామే నిలిపివేయుటకు మొదలిడిరి. ఆ ఆటంకమును మనచేత తొలగింపజేయుటకు కోరు ఉత్తరము మోసపుటుత్తరమేమోయని యనుమానింపవలెను.

2000 సం॥ మే 4 వ తేదీన ఫిలిప్పీన్స్ దేశమునుండి బయలుదేఱిన ఒక ఈ-మెయిలు లోకమునందలి లక్షలకొలది కంప్యూటరులను పాడుచేసెను. అది ప్రేమలేఖయను పేరుతో వచ్చినది. ఫైలు పేరులో ముందు టి.ఎక్స్.టి. అనియు, దానిపిమ్మట వి.బి.ఎస్. అనియు రెండు తోకలుండెను. విండోస్ చివరి తోకను దాచుటచే జనులకు టి.ఎక్స్.టి. మాత్రమే కనబడెను. సాదా వ్రాతపత్రమనుకొని తెఱచిరి. రెండు తోకలున్నచో నమ్మవలసినది చివరిదానినే. 'బిల్లు' అను పేరునకు ముందు పి.డి.ఎఫ్., పిదప ఇ.ఎక్స్.ఇ. అని యున్నచో అది బిల్లు కాదు.

కర్షకులను నేడు ముఖ్యముగ బాధించునది ఏ.పి.కె. జీమెయిలు ఇట్టి జోడింపులను అడ్డగించును గావున మోసగాండ్రు వాట్సాపు ద్వారమున పంపుచున్నారు. ప్రధానమంత్రి కిసాన్ సొమ్మనియు, బ్యాంకు కె.వై.సి. యనియు, వాహన చలానా యనియు, పెండ్లి శుభలేఖ యనియు పేరు పెట్టి పంపుదురు. శుభలేఖ బొమ్మగా గాని పి.డి.ఎఫ్. గా గాని వచ్చును గాని ఏ.పి.కె. గా రావలసిన పనిలేదు. దానిని నొక్కి, అడిగిన అనుమతులన్నియు ఇచ్చినచో మన ఫోనునకు వచ్చు సందేశములు వానికి తెలియును. బ్యాంకు పంపు ఓ.టి.పి. ని వాడు చదివి సొమ్ము తీసికొనును. తెలిసినవారి ఫోనునుండి వచ్చినంత మాత్రమున నమ్మరాదు. వారి ఫోనును ముందుగనే వశపఱచుకొని వారి పేరుతో పంపియుండవచ్చును. యాప్ కావలసినచో ప్లే స్టోరునుండి మాత్రమే తెచ్చుకొనవలెను.

పొరపాటున నొక్కినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే ఫోనునందలి ఇంటర్నెట్టును ఆపి, వేఱొక ఫోనునుండి బ్యాంకునకు తెలిపి ఖాతాను నిలుపుదల చేయించి, 1930 అను జాతీయ సహాయ నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన అంత మేలు. ఏలయన, సొమ్ము చేతులు మాఱక మునుపే దానిని మధ్యదారిలో ఆపుటకు వీలుండును.

10. ఫైలు తెఱచుకొననప్పుడు

తెఱచుకొనని ప్రతి ఫైలును మోసపు ఫైలు కాదు. వరుసగా ఇట్లు చూడవలెను. తోకపేరు ఏది? దాని సాధనము మనయొద్ద నున్నదా? ఫైలు పూర్తిగ దిగినదా, లేక ఇంటర్నెట్టు తెగి సగములో నిలిచినదా? పాస్‌వర్డు అడుగుచున్నదా? 'విన్‌మెయిల్' అను పేరును, డి.ఏ.టి. అను తోకయు గల ఫైలు వచ్చినచో అది ఔట్‌లుక్ అను సాధనము తన పద్ధతిలో కట్టిన మూట. దానితో కుస్తీ పట్టక పంపినవారినే అడుగవలెను.

అడుగుట తక్కువతనము కాదు. తెఱచుకొనునట్లు పంపుట పంపువారి ధర్మము. సంఘములు ఈ క్రింది విధముగ వ్రాయవచ్చును:

“అయ్యా, తమరు ఫలానా తేదీన పంపిన ఫైలు మాయొద్ద తెఱచుకొనుట లేదు. దాని తోకపేరు ఫలానా అని కానవచ్చుచున్నది. దయచేసి దానిని పి.డి.ఎఫ్. రూపమున మఱల పంపింప ప్రార్థన. పట్టిక యైనచో ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. రూపమున పంపగోరుచున్నాము. గడువు తేదీని దృష్టియందుంచి త్వరగా పంపించెదరని నమ్ముచున్నాము.”

ఈ ఉత్తరము గడువునకు ముందు మనము స్పందించితిమనుటకు ఆధారముగ కూడ నుండును.

సంగ్రహము

1. నొక్కుటకు ముందు తోకపేరు చదువవలెను. రెండు తోకలున్నచో చివరిదే నిజము.
2. చదువుటకును సంతకమునకును పి.డి.ఎఫ్., దిద్దుటకు డాక్స్, లెక్కలకు ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్., ఫొటోలకు జె.పి.జి.
3. సి.ఎస్.వి. ని నేరుగా నొక్కి తెఱవరాదు. ఖాతా, ఆధారు నంబరులను 'టెక్స్ట్' అని లోనికి తేవలెను.
4. మూలఫైలును దిద్దరాదు. నకలుపై పనిచేయవలెను.
5. జిప్‌ను ముందు విప్పి తరువాత వాడవలెను.
6. తెలుగును యూనికోడులో వ్రాయవలెను.
7. ఏ.పి.కె., ఇ.ఎక్స్.ఇ. వచ్చినచో ఎవరు పంపినను తెఱవరాదు. పొరపాటు జరిగినచో 1930.

అభ్యాసము

వచ్చు నెల సభకు ప్రతి సభ్యుడును తన ఫోనునకు ఇటీవల వచ్చిన అయిదు ఫైళ్ల పేర్లను, తోకలతో సహా, కాగితముపై వ్రాసికొని రావలెనని కోరుచున్నాము. తోకపేరు కనబడనిచో అట్లే వ్రాయుడు. ఏది ఏ జాతిదో, ఏది తెఱవదగినదో, ఏది చెఱిపివేయదగినదో సభలో కలసి నిర్ణయింతము. ఇంటిలో చదువుకొను పిల్లలున్నచో వారిని గూడ వెంట తీసికొని రండు. పెద్దలకు తెలియనిది వారు చూపుదురు. ఖాతా విలువ యెట్టిదో పెద్దలు వారికి చెప్పుదురు. కార్యదర్శులు ఈ ఏడు నియమములను పెద్ద అక్షరములతో వ్రాయించి సంఘ కార్యాలయమున కంప్యూటరు ఎదుట అంటింతురుగాక.